బావమరిది ఉద్యోగం, ఫార్ములా వన్ సెలవు

ఆదివారం, చిత్తూరు

తోతాపురి సీజన్ ఊపందుకుంది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. పాలకని వెళ్లి ఇల్లు చేరేసరికి ఎండెక్కింది.

మధ్యాహ్నం భోజనానికి బావమరిది వచ్చాడు. బయటి దేశాల కొనుగోలుదార్ల తరఫున గుజ్జు ఫ్యాక్టరీల్లో నాణ్యత చూసే ఏజెన్సీలో వాడి పని. చొక్కా జేబులో తీపి కొలిచే బ్రిక్స్ మీటర్, చేతిలో పసుపు మరకల నోటుబుక్కు. ఏ ఫ్యాక్టరీ గుజ్జుని ఎంత వేడి చేస్తుందో, ఎంతసేపు ఉంచుతుందో అన్నీ అందులోనే. ఇప్పుడు వాటిల్లో ఒక ఫ్యాక్టరీయే వాడికి ఉద్యోగం ఇస్తానంది. మూడు నెలలు ఎక్కడా చేరకూడదని ఏజెన్సీ అంటోంది.

"నేనేమన్నా దొంగనా బావా?" అన్నాడు, అన్నం కలుపుతూ. పాపం, బాగా నొచ్చుకున్నాడు.

వాడికి ఫార్ములా వన్ కార్ల రేసుల సంగతి చెప్పాను. అక్కడ రూల్స్ రాసేదీ, కార్లు తనిఖీ చేసేదీ ఎఫ్ఐఏ అనే అంతర్జాతీయ సంస్థ. టీములు కొత్త ఐడియా వస్తే ముందే వివరాలు పంపి, ఇది రూల్స్ ప్రకారం చెల్లుతుందా అని అడుగుతాయి. పక్క టీముకి తెలియకుండా దాచుకున్నదంతా ఆ అధికారి బల్ల మీదికి వస్తుంది. ఆ టెక్నికల్ విభాగం చూసిన మార్చిన్ బుడ్కోవ్‌స్కీ 2017 సెప్టెంబర్ చివర్లో రాజీనామా చేసి రెనో టీముకి వెళ్తున్నాడని తెలిసింది. గార్డెనింగ్ లీవ్, అంటే కొత్త చోట చేరకుండా ఇంట్లో ఆగాల్సిన గడువు, మూడు నెలలే. అందరూ మరుసటి ఏడాది కారు గీసుకుంటున్న రోజులవి! మిగతా టీములు గొడవ చేస్తే, చివరికి 2018 ఏప్రిల్‌లో చేరాడు. అప్పటికి కొత్త కార్లు ట్రాక్ మీదికొచ్చేశాయి.

ఆ గొడవ చల్లారకముందే, ఎఫ్ఐఏ సేఫ్టీ డైరెక్టర్ లారెంట్ మెకీస్ ఫెరారీకి వెళ్తున్నాడని 2018 మార్చిలో ప్రకటించారు. ఎఫ్ఐఏ ఆయన్ని ఫార్ములా వన్ పనుల నుంచి వెంటనే తప్పించింది, ఆరు నెలల తర్వాత సెప్టెంబర్‌లో చేరాడు. ఏడాది ఆగాలని టీముల మధ్య మాట అనుకున్నాం కదా అని రెడ్ బుల్ బాస్ క్రిస్టియన్ హార్నర్ మండిపడ్డాడు. 2025 జులైలో హార్నర్ కుర్చీలోకి వచ్చింది ఆ మెకీసే.

నాకైతే నెలల లెక్కే తప్పనిపిస్తుంది. ఆ మనిషి చూసిన డ్రాయింగ్ పాతబడిందా లేదా అన్నదే చూడాలి. సెప్టెంబర్‌లో వెళ్లేవాడికీ మార్చిలో వెళ్లేవాడికీ ఒకటే గడువు పెడితే ఎలా? బావమరిది విషయమూ అంతే. సీజన్ మధ్యలో వెళ్తే ఆ నోటుబుక్కులోని అంకెలన్నీ పచ్చిగానే ఉంటాయి. సీజన్ అయ్యాక ఒక్క నెల ఆపినా చాలేమో.

అంతా విని, "ఆ మూడు నెలలూ జీతం ఎవరిస్తారు బావా?" అన్నాడు. గార్డెనింగ్ లీవ్‌లో పాత యజమానే ఇస్తాడు. ఏజెన్సీతో వాడు రాసుకున్న కాగితంలో జీతం ఊసే లేదు. జీతం లేకుండా మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం అన్యాయం, ఇందులో నేను వాడి పక్షమే. బతుకుతెరువుకి అడ్డుపడే ఒప్పందం చెల్లదని మన కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ఉంది. రేపు కోర్టు దగ్గర తెలిసిన వకీలుకి ఆ కాగితం చూపిద్దామన్నాను. సరేనన్నాడు.