అక్కకు తగ్గిన నాలుగు మార్కులు

నేను చేయాల్సిన పని ఏమిటన్న ప్రశ్న నలభై ఎనిమిదేళ్ల వయసులో నన్ను పట్టుకుంది. బాబు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పడం ఎప్పటిలాగే సాగుతోంది. ఇంట్లో ఏ లోటూ లేదు. అయినా మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దుతుంటే, రిటైరయ్యాక ఇక నాతో ఎవరికి పని అన్న దిగులు వచ్చేది.

అందరూ పంపుకునే నాలుగు వలయాల బొమ్మ నేనూ నింపాను. నచ్చే పని, చేతనైన పని, డబ్బు వచ్చే పని, లోకానికి కావలసిన పని. ఇకిగాయ్ (బతుకుకు అర్థమిచ్చేది) అంటే ఇదేనని, జపాన్ పెద్దల జ్ఞానమని చెబుతుంటారు. నిజానికి ఆ వలయాలు స్పెయిన్‌కు చెందిన ఆండ్రెస్ సుసునాగా గీసినవి. 2014లో మార్క్ విన్ అనే బ్లాగర్ దాని మధ్యలో ఇకిగాయ్ అన్న మాట పెట్టాక అది ఊరూరా తిరిగింది. ఎక్కడిదైనా సరే, మేలు చేస్తే చాలు. కానీ లోకానికి కావలసింది అన్నచోట నేను ‘విద్య’ అని రాశాను. ఆ జవాబు ఎవరైనా రాయగలరు. నా జీవితానికీ దానికీ ఉన్న సంబంధం ఆ కాగితంలో కనిపించలేదు.

ఒకరోజు ఈ దిగులు మాటల్లో వస్తే, మా కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే మేడం వాళ్ల పిన్నిగారి సంగతి చెప్పారు. ఆవిడ భర్త ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు జపాన్‌లో ఉండి, ఇప్పుడు విశాఖలో స్థిరపడ్డారు. అక్కడ ఉన్నప్పుడు నైకాన్ అనే సాధన నేర్చుకున్నారట. లోపలికి చూసుకోవడం అని దాని అర్థం. దాన్ని రూపొందించిన యోషిమోతో ఇషిన్ (1916–1988) నారా ప్రాంతంలోని యమాతో-కోరియామాకు చెందిన వ్యాపారి. జోదో షిన్ అనే శాఖకు చెందిన బౌద్ధుల్లో కొందరు తిండి, నీళ్లు, నిద్ర మానేసి చేసే కఠినమైన ఆత్మపరిశీలన ఒకటి ఉండేది. ఆయన అది చేసి, అందులోని ఆ కఠోరత్వాన్ని తీసేసి, మామూలు మనుషులు వారం రోజుల్లో చేసుకునేలా మార్చారు. తర్వాత జపాన్ జైళ్లలో ఖైదీల చేత కూడా చేయించారు.

అందులో ఉన్నవి మూడే ప్రశ్నలు. ఈ మనిషి నాకేం చేశారు? నేను వాళ్లకేం చేశాను? నా వల్ల వాళ్లకు ఏ ఇబ్బంది కలిగింది? వాళ్ల వల్ల నాకేం ఇబ్బంది కలిగిందన్న ప్రశ్న కావాలనే పెట్టలేదు. దాని జవాబు మనకు ఎప్పుడూ నోటిమీదే ఉంటుంది కాబట్టి, వేరే వెతకనక్కర్లేదన్నారు పిన్నిగారు.

దసరా సెలవుల్లో వాళ్లింటికి వెళ్లాను. జపాన్‌లో గది మూలన మడత తెర పెట్టి దాని వెనక కూర్చోబెడతారట. పిన్నిగారు బట్టల తాడు కట్టి దానిమీద పాత వెంకటగిరి చీర వేశారు. పొద్దున్నుంచి రాత్రి దాకా నేను ఆ చీర వెనకే. ఫోన్ ఆవిడ బీరువాలో. భోజనం కూడా అక్కడికే తెచ్చిచ్చేవారు. గంటన్నరకో, రెండు గంటలకో వచ్చి ఎదురుగా కూర్చుని, నమస్కారం పెట్టి, ‘ఇప్పుడు ఎవరి గురించి చూశావమ్మా? ఏ వయసు?’ అని అడిగేవారు. చెప్పింది విని, మళ్లీ నమస్కారం పెట్టి వెళ్లిపోయేవారు. సలహా లేదు, మెచ్చుకోలు లేదు. నాకంటే పెద్దావిడ నాకు నమస్కారం పెడుతుంటే మొదట్లో ప్రాణం చచ్చిపోయేది.

అమ్మతో మొదలుపెట్టాలి. చిన్నప్పటి నుంచి మూడేసి ఏళ్ల చొప్పున చూసుకుంటూ రావాలి. ‘అమ్మ నన్ను చాలా ప్రేమగా పెంచింది’ అన్నాను. ‘ఏం చేశారు?’ అన్నారు పిన్నిగారు. ‘నాకోసం ఎంతో కష్టపడింది.’ ‘ఏం చేశారు?’ ప్రేమ, కష్టం, త్యాగం లాంటి మాటలేవీ ఆవిడ దగ్గర చెల్లలేదు. ఎప్పుడు, ఎక్కడ, చేత్తో ఏం చేశారో చెప్పాలి. అలా తవ్వుకుంటూ పోతే వచ్చింది: పరీక్షల రోజుల్లో అమ్మ వాడుకలకు పోసే పాలల్లోంచి ఒక గ్లాసు తీసి నాకు కాచి ఇచ్చేది. నెలాఖరున ఆ మేరకు డబ్బులు తగ్గేవి. ఎక్కడ సర్దుకునేదో నేను ఏనాడూ అడగలేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇంట్లోవాళ్ల చేతుల్లో దెబ్బలు, హింస చూసినవాళ్లకు ఈ మూడు ప్రశ్నలు సరిపడతాయని నేను అనుకోను. వాళ్లకు ముందు కావలసింది వాళ్ల నొప్పిని వినే మనిషి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు డాక్టర్ని చూడాలి తప్ప ఇలాంటివి సొంతంగా చేసుకోకూడదు.

అమ్మ తర్వాత నాన్న, నాన్న తర్వాత అక్క. నేను ఆరు నుంచి ఎనిమిది చదివిన ఏళ్లు చూస్తున్నాను. మా లెక్కల మాస్టారు బడి గంట కొట్టకముందే వరండాలో నాకు ఊరికే పాఠం చెప్పేవారు. అంత పొద్దున్నే నేను వెళ్లగలిగానంటే, బోరు నుంచి నీళ్లు అక్క మోసింది. గేదెకు కుడితి అక్క పెట్టింది. నా జడ అక్క వేసింది. అందులో ఒకటి తనకు టెన్త్ ఏడాది. లెక్కల్లో 31 వచ్చాయి. పాసవ్వాలంటే 35. మళ్లీ ఫీజు ఎవరూ కట్టలేదు. మరుసటి ఏడు సాలూరు దగ్గరి ఊరికి ఇచ్చి పెళ్లి చేశారు.

ఇవన్నీ నాకు తెలియని సంగతులు కావు. అక్కకు లెక్కలు పోయాయని తెలుసు, నాకు మాస్టారు చెప్పారని తెలుసు. రెండూ ఒకే ఏడాది, ఒకే ఇంట్లో జరిగాయన్నది మాత్రం ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. పిన్నిగారు వచ్చి కూర్చుంటే చాలాసేపు మాట రాలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. చివరికి చెప్పాను. విని, నమస్కారం పెట్టి వెళ్లారు. ఆ క్షణంలో ఆవిడ ఓదార్చి ఉంటే నా ఆలోచన ఏడుపుతో ఆగిపోయేది. నడిపించేవాళ్లు అవసరం అంటాను గానీ, మనకు దొరకాల్సిన జవాబు వాళ్లు చెప్పకూడదు. అలా నోరు కట్టుకుని కూర్చోవడం చాలా పెద్ద విద్య.

ఆ సాయంత్రం ఇంకోటి తట్టింది. ఇన్నేళ్లుగా లెక్కలు చెబుతున్నాను, కానీ నా క్లాసులోకి వచ్చేది టెన్త్ పాసైన పిల్లలే. అక్కలాంటి వాళ్లు నా గుమ్మం దాకా రానే రారు.

ఇంటికొచ్చాక అక్కకు ఫోన్ చేశాను. ‘ఆ ఏడాది నాకోసం నీ చదువు పోయింది కదక్కా’ అన్నాను. ‘ఇప్పుడెందుకే అయ్యన్నీ’ అంది. కాసేపు ఆగి, ‘మా పక్కింటి పిల్లకి లెక్కలొక్కటీ ఉండిపోనాది. ఫోన్లో చెప్తావేటి?’ అంది.

ఆ పిల్లతో మొదలైంది. ఇప్పుడు ఆదివారం పొద్దున మా డాబా మీద కొందరు ఆడపిల్లలు కూర్చుంటారు. శ్రేఢులు, సంభావ్యత, సగటు, మధ్యగతం, బాహుళకం కష్టమనుకుంటారు గానీ, వాళ్లు ఆగిపోయేది అక్కడ కాదు. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ఏమొస్తుందన్న దగ్గర, భిన్నాల కూడిక దగ్గర. అవి ఆరు, ఏడు తరగతుల్లో జారిపోయినవి. ముందు వాటిని పట్టిస్తే టెన్త్ పుస్తకం దానంతటదే తెరుచుకుంటుంది. ఇంటర్ పిల్లలకు ఇంటిగ్రేషన్ చెప్పినప్పుడు నాకు ఇంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. రిటైర్మెంట్ గురించిన దిగులు ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు.

వారం రోజులు వీలుకానివాళ్లకు రోజువారీ నైకాన్ ఉంది. రాత్రి పడుకునే ముందు ఓ అరగంట అవే మూడు ప్రశ్నలు, ఆ ఒక్కరోజు గురించి. నేను నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఈరోజు పేజీలో కూరగాయలమ్మే మామ్మ, బస్సులో సీటిచ్చిన కుర్రాడు ఉన్నారు.

విజయనగరంలో, చుట్టుపక్కల ఊళ్లలో లెక్కలొక్కటే మిగిలిపోయిన ఆడపిల్ల మీకు తెలిసి ఉంటే, సప్లిమెంటరీ ఫీజు గడువు దాటకముందే కట్టించండి. కామెంట్లో చెబితే క్లాసు వివరాలు పంపుతాను. పెళ్లయినా ఫర్వాలేదు, చంటిబిడ్డతో వచ్చినా ఫర్వాలేదు. బిడ్డను ఆడించడానికి మావారు ఉన్నారు.