గింజ మనకి, గడ్డి గేదెకి

వరిలో గింజ మనం తింటాం, గడ్డి గేదెకి వేస్తాం. గింజలోని స్టార్చ్, గడ్డిలోని సెల్యులోజు రెండూ గ్లూకోజు దండలే. మరి గడ్డి మనకెందుకు అరగదు? ముడి వేసిన తీరు వేరు కాబట్టి. స్టార్చ్‌లో ఉన్నది ఆల్ఫా 1,4 బంధం (ఒక గ్లూకోజులోని 1వ కార్బన్, పక్కదాని 4వ కార్బన్‌తో కలిసే ముడి; ఆల్ఫా, బీటా అన్నవి ఆ ముడి తిరిగే దిశలు), అందుకే దండ మెలి తిరుగుతుంది. సెల్యులోజులో బీటా 1,4. ప్రతి గ్లూకోజూ పక్కదానికి తలకిందులుగా ఉంటుంది, దండ తిన్నగా సాగి, పక్క దండలతో హైడ్రోజన్ బంధాలు కట్టుకుని తాడులా బిగుస్తుంది. మన ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైమ్ (తిండిని అరిగించే పదార్థం) ఆల్ఫా ముడినే విప్పగలదు. ఆ మాటకొస్తే గేదెకీ బీటా ముడి విప్పే సొంత ఎంజైమ్ లేదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. గంజి పెట్టిన నూలు చీరలో ఈ రెండూ కలిసే ఉంటాయి: పోగు సెల్యులోజు, పైపూత స్టార్చ్.

గింజలోని స్టార్చ్ కూడా రెండు రకాల దండలు: అమైలోజు, అమైలోపెక్టిన్. అమైలోజుకి కొమ్మలు దాదాపు ఉండవు. అమైలోపెక్టిన్‌కి సుమారు 24 నుంచి 30 గ్లూకోజులకొక కొమ్మ. మన కాలేయంలో దాచుకునే గ్లైకోజెన్‌కి కొమ్మలు ఇంకా దగ్గర, 8 నుంచి 12కి ఒకటి. కొసలు ఎక్కువైన కొద్దీ అవసరానికి గ్లూకోజు త్వరగా ఊడుతుంది.

అన్నం పొడిపొడిగా వస్తుందా, ముద్దవుతుందా అన్నది చాలావరకు అమైలోజు పాలుని బట్టే. 25 శాతం దాటితే మెతుకులు విడిగా ఉండి, చల్లారాక బిరుసెక్కుతాయి. 20 లోపైతే మెత్తగా అంటుకుంటాయి. జిగురు బియ్యంలో 2 శాతం కూడా ఉండదు.

దీన్ని కళ్ళతో చూడొచ్చు. వార్చిన గంజి ఒక చెంచా తీసి, అరగ్లాసు నీళ్ళలో కలిపి, పూర్తిగా చల్లారనివ్వండి. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ ఒక్క చుక్క వేయండి. ముదురు నీలం వస్తుంది. మెలికకి ఆరు గ్లూకోజుల చొప్పున చుట్టుకున్న అమైలోజు గొట్టంలో అయోడిన్ ఇరుక్కోవడం వల్లే ఆ రంగు. వేడి గంజిలో వేసి రంగు రాలేదనుకునేవాళ్ళే ఎక్కువ. వేడికి మెలిక సడలి అయోడిన్ జారిపోతుంది, చల్లారితే రంగు మళ్ళీ తేలుతుంది. నిమ్మరసం తగిలినా రంగు పోతుంది, విటమిన్ సి అయోడిన్‌ని మార్చేస్తుంది. జిగురు బియ్యపు గంజిలో నీలం రాదు, ఎర్రగోధుమ రంగు వస్తుంది. పరీక్ష చేసిన గంజి తాగకండి, పారబోయండి.

ఫ్రిజ్‌లో అన్నం గట్టిపడేది తడి ఆరిపోయి కాదు. ఉడికినప్పుడు విడిపోయిన దండలు చల్లదనానికి మళ్ళీ పక్కపక్కన సర్దుకుంటాయి. అమైలోజు కొన్ని గంటల్లో, అమైలోపెక్టిన్ కొన్ని రోజుల్లో. నీళ్ళు చిలకరించి ఆవిరి మీద వేడిచేస్తే అమైలోపెక్టిన్ సడలి మెతుకు మెత్తబడుతుంది. అమైలోజు స్ఫటికాలు కరగాలంటే 100 డిగ్రీలు చాలవు. చిన్నపేగులో అరగకుండా మిగిలే భాగం కొంత అదే. అలాగని షుగర్ ఉన్నవాళ్ళు చల్లన్నం ఎంతైనా తినొచ్చనే ప్రచారం నాకు నచ్చదు: ఆ మిగిలేది కొద్దిపాటే, తక్కిన స్టార్చ్ అంతా గ్లూకోజే అవుతుంది.

ఒక జాగ్రత్త. వండిన అన్నం గంటా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి విషం వదులుతుంది, వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు.