ఎదిగే పిల్లకు అమ్మమ్మ చీర పరికిణీ

పరాయి దేశంలో పెరిగే పిల్ల పట్టు పరికిణీ వద్దని మారాం చేస్తే, మన సంప్రదాయమే వద్దంటోందని నొచ్చుకునే ముందు దాని లోపలి కుట్టు చూడండి. గుచ్చుకుంటుంది, జారిపోతుంది, మెట్లెక్కితే కాళ్లకు అడ్డం పడుతుంది. తప్పు చాలావరకు కుట్టుదే.

అమ్మమ్మ చీర కోసేముందు వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. ఏళ్ల తరబడి మడిచి ఉంచిన చోట పట్టు పిగిలి సన్నటి గీతల్లా వెలుగు కనబడుతుంది. ఆ భాగం వాడకండి. లోపల ఎంత లైనింగ్ వేసినా పిల్ల చతికిలబడి కూర్చోగానే అక్కడే చిరుగుతుంది.

ఏడేళ్ల పిల్లకు నడుము 22 అంగుళాలు, పొడవు 26 అనుకుందాం. చీర పొడవున 66 అంగుళాలు, అంటే నడుముకు మూడింతలు, తీసుకుని కుట్లకు మరో 2 కలపండి. బరువైన పట్టుకు రెండున్నర ఇంతలే చాలు. ఎక్కువైతే కుచ్చిళ్లు నడుము దగ్గర దిండులా లేస్తాయి. చీర అంచే కింది అంచు కాబట్టి ఎత్తు కింది నుంచి పైకి కొలవాలి: పొడవు 26, ఎదుగుదల మడతలకు 3, పై కుట్టుకు అర, మొత్తం 29న్నర.

ఈ మడతలే పాత పరికిణీ ప్రాణం. అంచుకు పైన అర అంగుళం లోతున మూడు మడతలు, మడత కొన కిందికి చూసేలా వేస్తే ఒక్కొక్కటీ అంగుళం పొడవు దాచుకుంటుంది. 19వ శతాబ్దంలో యూరప్, అమెరికాల్లోనూ ఎదిగే పిల్లల గౌన్లకు ఇలాగే మడతలు పెట్టేవారు. ఈ మాట మీ పిల్లకు చెప్పండి; ఒకప్పుడు ఆ దేశాల పిల్లలూ ఇలాంటివే తొడుక్కున్నారని తెలుస్తుంది. పట్టుకు సూది రంధ్రాలు మిగిలిపోతాయి కనుక 70 నంబరు కొత్త సూది, 4 మిల్లీమీటర్ల కుట్టు వాడండి.

లైనింగ్‌కు మెత్తటి నూలు గుడ్డ. ముందే ఉతికి ఆరబెట్టకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుని పట్టును పైకి లాగేస్తుంది. దాని పొడవు పరికిణీకన్నా అంగుళం తక్కువ ఉండాలి, కింద 4 అంగుళాలు లోపలికి మడవాలి. ఇది మరిచిపోతే మడత విప్పిన రోజున లైనింగ్ పొట్టిగా తేలుతుంది.

ఈ వయసులో పరికిణీ నడుము మీద నిలవదు, బొందు ఎంత బిగించినా జారుతుంది. అందుకే చేతుల్లేని నూలు బాడీకి కుట్టెయ్యండి. బరువు భుజాలు మోస్తాయి. బాడీ నడుము 24 ఉంచి, కుచ్చిళ్లను రెండు వరసల పొడుగు కుట్లతో దానికి సరిపడా లాగండి. ఒక్క వరస వేస్తే కుచ్చు ఒకచోటికి చేరిపోతుంది. బాడీ వెనక భాగం తెరిచి, ఆ చీలిక పరికిణీలోకి 4 అంగుళాలు దిగనివ్వాలి, లేకపోతే భుజాల మీదుగా దిగదు.

జేబు తప్పనిసరి. పట్టును పావు, ముప్పావు వంతులుగా రెండు ముక్కలు చేసి, ఒక కుట్టు వెనక, రెండోది కుడి పక్కన వచ్చేలా కలిపితే కుడి కుట్టులో నూలు జేబు ఇమిడిపోతుంది. జేబు పైకొనను నడుము కుట్టులో కలపండి, బరువుకు పట్టు చిరగదు. పొడవు కూడా చీలమండ దాకా ఆపితే బడికీ వేసుకెళ్లగలదు.

ఏడాదికోసారి కొలిచి, పొట్టయితే కింది మడత తననే విప్పనివ్వండి. పైన గుడ్డ పరచి తక్కువ వేడితో ఇస్త్రీ చేసినా, దాగిన పట్టు ముదురు రంగులో ఒక గీతగా కనబడవచ్చు. దానిమీద సన్నటి జరీ లేసు కుట్టాలా, అలాగే ఉంచాలా అన్నది పిల్లనే అడగండి.