పంపని ఉత్తరం

“అమ్మా, లింకన్ గొప్పవాడని చిన్నప్పటి నుంచి నాకెందుకు చెబుతూ వచ్చావు?” అంటూ ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. చరిత్ర పాఠం కోసం బడిలో ఇచ్చారట. బానిసత్వం విషయంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలతో అమెరికాలో అంతర్యుద్ధం సాగుతున్న రోజులవి. బానిసలను విడిపించడంలో వెనకాడుతున్నారని పత్రికలో నిలదీసిన ‘న్యూయార్క్ ట్రిబ్యూన్’ సంపాదకుడు హోరేస్ గ్రీలీకి, 1862 ఆగస్టు 22న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ రాసిన జవాబు అది. ఒక్క బానిసను కూడా విడిపించకుండా దేశాన్ని ఒకటిగా నిలపగలిగితే అలాగే చేస్తాను, అందరినీ విడిపించి నిలపగలిగితే అలా చేస్తాను, కొందరిని విడిపించి మిగిలినవారిని వదిలేయవలసి వస్తే అదీ చేస్తాను అంటాడు అందులో.

తన గొంతులో కోపం కంటే మోసపోయానన్న బాధే ఎక్కువగా వినిపించింది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఊళ్లో నేను చదువుకున్న లింకన్, పొయ్యి వెలుతురులో పుస్తకాలు చదివిన పేదింటి పిల్లవాడు. ఇల్లినాయ్‌కి వచ్చిన కొత్తలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆయన ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గడప దగ్గర చెప్పులు విప్పబోయాను. అంత గౌరవం. మా అమ్మాయికి ఆయన ఈ దేశపు మనిషి, తన దేశపు మనిషి. కాబట్టి నిలదీసే హక్కు నాకంటే తనకే ఎక్కువ.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చున్నాం. లింకన్ కాగితాలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అందరికీ అందుబాటులో పెట్టింది. కొడుకు రాబర్ట్ వాటిని అప్పగిస్తూ, తాను పోయాక 21 ఏళ్ల వరకు తెరవకూడదని షరతు పెట్టాడు. 1947లో గానీ అవి వెలుగు చూడలేదు. తండ్రి ఉత్తరాలను అంతకాలం మూసి ఉంచిన ఆ కొడుకు గురించి నేను ఆలోచిస్తుండగా, మా అమ్మాయి తేదీలు వరుసగా రాసుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది. బానిసల విముక్తి ప్రకటన చిత్తుప్రతిని లింకన్ తన మంత్రివర్గానికి చదివి వినిపించింది 1862 జూలై 22న. అంటే గ్రీలీకి జవాబు రాసేనాటికి నెల రోజులుగా ఆ ప్రకటన ఆయన దగ్గర సిద్ధంగా ఉంది! యుద్ధంలో ఒక గెలుపు వచ్చేదాకా ఆగమని మంత్రి సీవార్డ్ సలహా ఇచ్చాడు. సెప్టెంబరు 17న యాంటీటమ్ యుద్ధంలో ఆ గెలుపు లాంటిది దొరికింది, 22న తొలి ప్రకటన వెలువడింది.

“అయితే పాము చావకుండా, కర్ర విరగకుండా రాశాడన్నమాట” అన్నాను.

“చివరి వాక్యం చూడమ్మా” అంది. ఇదంతా పదవిలో ఉన్నవాడిగా నా కర్తవ్యం గురించి చెప్పాను, మనుషులందరూ ఎక్కడైనా స్వేచ్ఛగా ఉండాలన్న నా సొంత కోరికలో మార్పేమీ లేదు అని ముగించాడు లింకన్. నేను ఆ వాక్యం దాటి వచ్చేశాను, తను పట్టుకుంది.

ఇక వదలలేకపోయాం. కెంటకీలోని సంపాదకుడు ఆల్బర్ట్ హాడ్జెస్‌కు 1864 ఏప్రిల్ 4న రాసిన ఉత్తరంలో “బానిసత్వం తప్పు కాకపోతే ఇంకేదీ తప్పు కాదు” అన్నాడు. కెంటకీ బానిసత్వం ఉన్న రాష్ట్రం. నల్లవారిని సైన్యంలో చేర్చుకోవడం అక్కడ చాలామందికి గిట్టలేదు. ఆ మాట వినడానికి ఇష్టపడని చోటికే దాన్ని పంపాడు. అంతకు ముందు ఏడాది స్ప్రింగ్‌ఫీల్డ్ సభకు తాను రాలేక, పాత మిత్రుడు జేమ్స్ కాంక్లింగ్‌కు ఉత్తరం పంపి సభలో చదివి వినిపించమన్నాడు. నల్ల సైనికుల పోరాటాన్ని సమర్థించిన ఉత్తరమది. దాంతో పాటు చిన్న చీటీ: నాది ఒకటే సూచన, చాలా నెమ్మదిగా చదవండి. ఈ చీటీ నాకు ఎంతగానో నచ్చింది. మా నాన్నగారు కూడా పత్రికలకు ‘సంపాదకునికి లేఖలు’ రాసి, పోస్టు చేసే ముందు మా చేత పైకి చదివించేవారు. తొందరపడితే మళ్లీ మొదటి నుంచి చదవమనేవారు.

అన్నిటికంటే ఎక్కువసేపు మేము నిలిచింది, లింకన్ పంపని ఉత్తరం దగ్గర. 1864 ఆగస్టులో విస్కాన్సిన్ సంపాదకుడు చార్లెస్ రాబిన్సన్‌కు ఒక జవాబు సిద్ధం చేశాడు. రాబిన్సన్ ప్రతిపక్షం వాడైనా యుద్ధాన్ని సమర్థించినవాడు. బానిసత్వం రద్దును సంధికి షరతుగా పెడితే తనలాంటివారు మద్దతు ఇవ్వడం ఎలా అన్నది ఆయన గోడు. ఎన్నికలు దగ్గరపడ్డాయి. బానిసత్వం ఊసెత్తకుండా, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ సంధికి వస్తే ఏం చేస్తానో, అడిగి చూడమనండి అన్నట్టు లింకన్ చిత్తులో రాసుకున్నాడు. ఆ సమయంలో శ్వేతసౌధానికి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్‌కు దాన్ని చదివి వినిపించి, పంపమంటారా అని అడిగాడు. డగ్లస్ ఒకప్పుడు బానిస, తరువాత తానే పత్రిక నడిపినవాడు. పంపవద్దు, మీరు అనుకున్న దానికంటే పెద్ద అర్థం తీస్తారు అన్నాడాయన. ఆ ఉత్తరం వెళ్లలేదు.

మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “తాతయ్యకు నా డాన్సు గురించి నువ్వు చెప్పేది కూడా ఇలాంటిదేనా?” అంది.

ఏడాదిన్నర కిందట తను కూచిపూడి మానేసింది. బడి పరుగు జట్టులో చేరింది. ఆ సంగతి మా నాన్నగారికి నేను చెప్పలేదు. పరీక్షలున్నాయి, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తుంది అని ఫోనులో అంటూ వచ్చాను. పక్కనే నిలబడి తను తలూపేది. ఎన్నిసార్లు ఊపిందో! ఎనభై దాటిన మనిషి మనసు కష్టపెట్టడమెందుకు అనే అనుకున్నాను. ఇప్పుడు లింకన్ జవాబును అడ్డం పెట్టుకోవాలని ఒక్క క్షణం అనిపించింది, వినేవారిని బట్టి మాట ఉండాలని చెబుదామనుకున్నాను. కానీ ఆయన తన కోరికను చివరి వాక్యంలోనైనా దాచకుండా చెప్పాడు. నేను ఏడాదిన్నరలో అలాంటి వాక్యం ఒక్కటీ చెప్పలేదు.

మర్నాడు నాన్నగారికి తెలుగులో ఉత్తరం రాశాను. ఫోనులో అయితే గొంతు మారితే మాట మార్చేస్తానని నాకు తెలుసు. రెండుసార్లు చింపి మూడోసారి రాశాక, మా అమ్మాయిని కూర్చోబెట్టి చదివి వినిపించాను. నెమ్మదిగానే చదివాను, తనకు తెలుగు అర్థం కావాలి కదా. అంతా విని, “ఒక్క వాక్యం తీసెయ్ అమ్మా” అంది.

“ఏది?”

“వీలు చూసుకుని మళ్లీ మొదలుపెడుతుంది అన్నావు చూడు, అది.”

కలం తీసుకుని ఆ వాక్యం కొట్టేసి, కవరు మీద నాన్నగారి చిరునామా రాశాను.