వంతులవారీగా మూడు సైకిళ్లు: ఒక కొండ ప్రయాణం

సామాను కట్టుకునే క్యారియర్ నా సైకిల్‌కి ఒక్కదానికే ఉంది. ప్రయాణమంతా ఆ బరువు ఒక్కరే లాగడం న్యాయం కాదని బావ, తమ్ముడు, నేను వంతులు వేసుకున్నాం. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఇంకొకరు. ముగ్గురి ఎత్తూ దాదాపు ఒకటే. సీటు గొట్టం మీద ఎవరి గుర్తుకి వాళ్లం రంగు టేపు చుట్టుకున్నాం కాబట్టి సీటు సర్దుకోవడం నిమిషం పని. గేర్లు మాత్రం అంత సులువుగా లొంగలేదు.

నాది పాత స్టీల్ సైకిల్. గేర్ లీవర్లు ఫ్రేమ్‌లో కిందికి దిగే గొట్టం మీద ఉంటాయి. గేర్ మార్చాలంటే హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి కిందికి చాచాలి. క్లిక్కులు ఉండవు. చైను చప్పుడు విని ఎంత లాగాలో మనమే తేల్చుకోవాలి. బావ రోడ్ బైక్‌కి షిమానో కంపెనీ గేర్ పద్ధతి, ఎస్‌టీఐ ఉంది. కుడి బ్రేక్ లీవర్‌నే పక్కకి, లోపలికి తోస్తే వెనక గేర్ తేలికవుతుంది. దాని వెనకున్న చిన్న లీవర్ నొక్కితే గేర్ బరువవుతుంది. తమ్ముడిది స్రామ్ కంపెనీ పద్ధతి, డబుల్‌ట్యాప్. అందులో బ్రేక్ లీవర్ పక్కకి కదలదు, వెనక ఒకే ఒక లీవర్ ఉంటుంది. ఒక క్లిక్ వరకు తోసి వదిలితే బరువు గేర్, అది దాటి ఇంకా లోపలికి తోస్తే తేలిక గేర్.

మొదటిసారి మార్చుకున్నది చదును రోడ్డు మీద. నేను బావ సైకిల్ ఎక్కాను, బావ నాది ఎక్కాడు. కాసేపు ఎదురుగాలి తగిలిన ప్రతిసారీ నా కుడి చెయ్యి కింది గొట్టం వైపు వెళ్లింది. అక్కడ లీవర్ లేదు. వేళ్లకి ఏమీ తగలకపోయేసరికి, ఇది వేరే సైకిల్ అని చేతికి వెంటనే తెలిసిపోయింది. ఓ పది కిలోమీటర్లు దాటేసరికి ఆ తడబాటు పోయింది. అంత తేడా ఉన్న సైకిల్‌కే ఇంత త్వరగా అలవాటు పడితే మిగతావి ఇంకా సులువని ముగ్గురం అనుకున్నాం. జరిగింది మాత్రం సరిగ్గా దానికి వ్యతిరేకం.

కనుమ ఎక్కుడు మొదలయ్యే చోట మళ్లీ మార్చుకున్నాం. తమ్ముడికి సామాను, నాకు అదే బావ సైకిల్, బావకి తమ్ముడి సైకిల్. మొదటి వంపు దగ్గర రోడ్డు ఒక్కసారిగా నిలువైంది. బావ అలవాటుగా బ్రేక్ లీవర్‌ని లోపలికి తోశాడు. అది కదల్లేదు. వెంటనే వేళ్లు వెనక లీవర్ మీద పడ్డాయి. కంగారులో సగమే తోశాడు, గేర్ ఇంకా బరువైంది. మళ్లీ సగమే తోశాడు, ఇంకో మెట్టు బరువైంది. పెడల్ తిరగడం ఆగిపోయింది, కాలు కింద పెట్టేశాడు.

"బావా, క్లిక్ దగ్గర ఆపకండి, పూర్తిగా లోపలికి తొయ్యండి!" అని తమ్ముడు వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు.

"తెలుసురా. నాకు తెలుసు, నా వేలికి తెలీదు" అన్నాడు బావ రొప్పుతూ.

ఆ మాట గురించి మిగతా ఎక్కుడంతా ఆలోచిస్తూనే ఉన్నాను. నా సైకిల్‌కీ బావ సైకిల్‌కీ పోలికే లేదు, అందుకే చెయ్యి రెండింటినీ వేరువేరుగా గుర్తుపెట్టుకుంది. బావదీ తమ్ముడిదీ చూడ్డానికి అచ్చం ఒకటే. హ్యాండిల్ అలాగే వంగి ఉంటుంది, అరచెయ్యి ఆనించే రబ్బరు మూపు అదే చోట ఉంటుంది, బ్రేక్ లీవర్ అదే వేళ్లకి అందుతుంది. చేతికి అది పాత సైకిలే అనిపిస్తుంది, పాత పనే చేస్తుంది. పైగా వెనక లీవర్‌ని కొద్దిగా తోస్తే రెండింట్లోనూ ఒకే ఫలితం, బరువు గేర్. తేలిక గేర్‌కి మాత్రమే దారి వేరు. ఎక్కుడులో మనకి కావలసింది అదే. "గంటలో అలవాటైపోతుంది" అని చాలామంది చెబుతారు. చదును మీద నిజమే కావచ్చు. ఊపిరి అందని చోట చెయ్యి పాత అలవాటుకే పోతుంది, ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

డబుల్‌ట్యాప్‌లో ఇంకో మెలిక ఉంది. అప్పటికే అన్నిటికంటే తేలిక గేర్‌లో ఉండి, ఇంకొకటి దొరుకుతుందేమోనని తోస్తే, వదలగానే ఒక గేర్ బరువైపోతుంది. ఆ సాయంత్రమే బావకి అదీ అనుభవమైంది. కాంపాన్యోలో అనే ఇంకో కంపెనీ గేర్లున్న సైకిల్ తొక్కేవాళ్లు షిమానోకి మారినా ఇలాంటి చిక్కే. కాంపాన్యోలోలో బ్రేక్ వెనక లీవర్ తోస్తే గేర్ తేలికవుతుంది, బొటనవేలి దగ్గరి మీట నొక్కితే బరువవుతుంది. షిమానోలో బ్రేక్ వెనక లీవర్ చేసే పని దానికి సరిగ్గా తలకిందులు.

సగం ఎక్కుడులో ఆగినప్పుడు తమ్ముడు సామాను సైకిల్ మీద విసుక్కున్నాడు. "కుడి లీవర్ వెనక్కి లాగితే తేలిక, ఎడమది వెనక్కి లాగితే బరువు. ఇదేం లెక్క?" అన్నాడు. వెనక చక్రం పైకెత్తి పట్టుకుని పెడల్ తిప్పమన్నాను. లీవర్ లాగితే కేబుల్ బిగుస్తుంది, చైను పెద్ద పళ్ల చక్రం మీదికి ఎక్కుతుంది. వెనక పెద్ద చక్రం అంటే తేలిక, ముందు పెద్ద చక్రం అంటే బరువు. లీవర్ రెండు వైపులా ఒకే పని చేస్తోంది, మన కాలికే ఫలితం వేరు. బావ తన సైకిల్ కూడా ఎత్తి చూశాడు. ఎడమ బ్రేక్ లీవర్ లోపలికి తోస్తే అక్కడా ముందు పెద్ద చక్రమే. 1984లో షిమానో వాళ్ల డ్యూరా-ఏస్ రకం గేర్లలో క్లిక్కులొచ్చాయి. 1990లో ఎస్‌టీఐతో లీవర్లు బ్రేక్ దగ్గరికి చేరాయి, 1992లో కాంపాన్యోలో వాళ్ల ఎర్గోపవర్ లీవర్లు, 2006లో డబుల్‌ట్యాప్ వచ్చాయి. వేళ్ల కదలికలు ఎన్ని మారినా మామూలుగా ఈ కేబుల్ లెక్క మారలేదు.

అది మారిన సైకిల్ కూడా కనుమ మీద కనిపించింది. అవతలి వైపు నుంచి ఎక్కొచ్చిన ఒకాయన దగ్గర స్రామ్ వాళ్ల ఈట్యాప్ గేర్లున్న సైకిల్ ఉంది. కేబుల్ లేదు, వైర్ లేదు. కుడి లీవర్ నొక్కితే బరువు, ఎడమది నొక్కితే తేలిక, రెండూ కలిపి నొక్కితే ముందు చైను మారుతుంది. ఆయన తమ్ముడికి ఒక రౌండ్ ఇచ్చారు. వాడు తిరిగొచ్చి, ఎన్నాళ్లనుంచో తొక్కుతున్నట్టే ఉందన్నాడు. కుడిచేతికి ఒకటి, ఎడమచేతికి ఒకటి. ఎంత పొడుగు తోయాలన్న ప్రశ్నే లేదు. ఇన్ని పద్ధతుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన అదే.

దిగుడు ముందు నా సైకిల్ నా చేతికొచ్చింది. సొంత సైకిలే అయినా రెండు మూడు మలుపుల దాకా వేళ్లు క్లిక్ కోసం ఎదురుచూశాయి. చైను రెండు చక్రాల మధ్య కరకరలాడుతుంటే లీవర్‌ని కొద్దిగా వెనక్కి, మళ్లీ ముందుకి సర్దాల్సి వచ్చింది. సామానుతో దిగుతూ ఒక చెయ్యి తీస్తే హ్యాండిల్ వణుకుతుంది, అందుకని మలుపు రాకముందే గేర్ మార్చేసేవాణ్ణి. దిగుడులో గేర్ల కంటే ముందు చూసుకోవలసింది బ్రేకులు. ముందు చక్రం బ్రేక్ కొన్ని సైకిళ్లకి కుడివైపు, కొన్నిటికి ఎడమవైపు ఉంటుంది. మార్చుకున్న ప్రతిసారీ కదలకముందే రెండూ నొక్కి చూసుకున్నాం.

అప్పట్నుంచి ఎక్కుడు మొదట్లో మార్చుకోవడం మానేశాం. దానికి రెండు మూడు కిలోమీటర్ల ముందే చదును చూసుకుని ఆగేవాళ్లం. దిగే మనిషి గేర్ తేలికలో పెట్టి ఇవ్వాలి. ఎక్కిన మనిషి లీవర్ వైపు చూడకుండా ఆ చివర్నుంచి ఈ చివరిదాకా గేర్లన్నీ తిప్పాలి. బావ ఇంకో పని కూడా చేశాడు. వేలు కదపకముందే "తేలిక", "బరువు" అని పైకే అనేవాడు. రెండో కనుమ దగ్గర మళ్లీ తమ్ముడి సైకిలే ఆయన వంతుకి వచ్చింది. నిలువు వంపులో "తేలిక" అన్న మాట గట్టిగా వినిపించింది, వెంటనే చైను పెద్ద చక్రం ఎక్కిన చప్పుడు. ఈసారి కాలు కింద పెట్టలేదు.