ప్యాచ్ వెనుక కథ

ఆదివారం తెల్లవారుజామున బెంగళూరు హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కి నంది హిల్స్ వైపు పోయే బుల్లెట్ల గుంపుల్లో నేనూ ఒకడిని. లెదర్ జాకెట్, వీపు మీద క్లబ్ గుర్తుగా కుట్టించుకున్న ప్యాచ్, ఈ హంగులన్నీ అమెరికా నుంచి తెచ్చుకున్నవే. అక్కడి చరిత్ర మాత్రం మా వాళ్లెవరికీ పట్టదు.

1924లో మొదలైన అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ 1950ల దాకా నల్లవాళ్లకు సభ్యత్వం ఇవ్వలేదు. బండి ఎంత బాగా నడిపినా సరే.

బెస్సీ స్ట్రింగ్‌ఫీల్డ్ అనే నల్లజాతి మహిళ ఆ రోజుల్లోనే ఒంటరిగా దేశమంతా తిరిగింది. మ్యాప్ మీద నాణెం విసిరి, అది పడ్డ చోటికి బయల్దేరేదట! హోటళ్లు గది ఇవ్వకపోతే పెట్రోల్ బంకు దగ్గర ఆపి, జాకెట్ మడిచి హ్యాండిల్‌బార్ మీద పెట్టుకుని, బండి మీదే పడుకునేది. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యానికి కొరియర్‌గా పనిచేసింది. 1993లో పోయింది. అదే సంఘం 2002లో ఆమెను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. ఇంత ఆలస్యమా అని నాకు ఒళ్లు మండింది.

మా గ్రూపులో ఆమధ్య ఒక డెలివరీ కుర్రాడు చేరతానంటే, "స్ప్లెండరా? మన టైపు కాదు బ్రో" అన్నారు. అక్కడి వర్ణవివక్షతో దీన్ని సమానం చెయ్యను. కానీ ఏ టైపు అని అడిగితే ఒక్కడూ నోరు మెదపలేదు.

అమెరికాలోని ఓక్లాండ్‌లో టోబీ జీన్ లెవింగ్‌స్టన్ ఎవరి గడపా తొక్కలేదు. 1959లో నల్లవాళ్లతోనే ఈస్ట్ బే డ్రాగన్స్ అనే బైక్ క్లబ్ పెట్టాడు. అందరివీ హార్లే డేవిడ్‌సన్ బండ్లే.