తిన్నా తీరని ఆకలి

నాకు మెదడు అడుగున, ఒంట్లో హార్మోన్లను నడిపించే పిట్యూటరీ గ్రంథి దగ్గర క్రేనియోఫారింజియోమా అనే గడ్డ ఉందని ఎమ్మారైలో తేలింది. క్యాన్సర్ కాదు గానీ కంటి నరాన్ని నొక్కేస్తోంది. ఆపరేషన్ తర్వాత చూపు కుదుటపడింది, గండం గడిచిందనుకున్నాం. అసలు కష్టం అప్పుడే మొదలైంది.

కడుపునిండా పప్పన్నం, ఆపైన పెరుగన్నం తిని, కంచం తీసేలోపే మళ్లీ గిన్నె మూత తీసేదాన్ని. పొట్ట బిగిసి ఆయాసం వచ్చేది. అయినా తిన్నానన్న తృప్తి ఉండేది కాదు. అర్ధరాత్రి లేచి డబ్బాలోని అటుకులు ఉత్తవే నమిలేదాన్ని. ఒళ్లు చూస్తూ చూస్తూ పెరిగిపోయింది. "కాస్త నోరు కట్టుకోవాలమ్మా" అనేవారు చుట్టాలు. అమ్మ సున్నుండల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. నాకు వినిపించింది.

హార్మోన్ల డాక్టర్, ఎండోక్రైనాలజిస్టు మేడమ్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్ వదులుతాయి. ఒంట్లో నిల్వలున్నాయని మెదడుకు అందే కబురు అది. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ దాన్ని అందుకుని ఆకలి తగ్గిస్తుంది. ఈ హార్మోన్ జన్యువును 1994లో న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుక్కుంది. పుట్టుకతోనే లెప్టిన్ తయారుకాని పిల్లలకు ఇంజెక్షన్‌గా ఇస్తే ఆకలి అదుపులోకి వచ్చిందట.

"నాకూ అదే ఇవ్వండి మేడమ్" అన్నాను ఆశగా.

"నీకు లెప్టిన్‌కి కొదవ లేదమ్మా. దాన్ని అందుకోవాల్సిన చోటే గడ్డ వల్ల, ఆపరేషన్ వల్ల దెబ్బతింది. ఇది తిండియావ కాదు."

ఆ మాట అమ్మ ఎదుట అనడమే నాకు సగం వైద్యం.

పిట్యూటరీ కూడా దెబ్బతినడంతో అందని హార్మోన్లను మందులుగా తీసుకుంటున్నాను. ఇప్పుడు పరగడుపున థైరాయిడ్ మాత్ర, తర్వాత కార్టిసాల్ హార్మోన్‌కు బదులు హైడ్రోకార్టిసోన్, దాహం, మూత్రం అదుపులో ఉండటానికి డెస్మోప్రెసిన్. హైడ్రోకార్టిసోన్ మోతాదు ఎక్కువైనా ఒళ్లు వస్తుంది, అలాగని మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. జ్వరమొస్తే డాక్టర్ చెప్పిన మేరకు పెంచుకోవాలి. వారానికోసారి సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ కూడా మొదలుపెట్టారు. అది పేగుల్లో తయారై, కడుపు నిండిందని మెదడుకు చెప్పే జీఎల్‌పీ-1 హార్మోన్‌లా పనిచేస్తుంది, హైపోథాలమస్‌తో పాటు మెదడు కాండం మీదా దాని ప్రభావం ఉంటుంది. ఇలాంటి కేసుల్లో అందరికీ పనిచేయదని ముందే చెప్పారు. నాకు మాత్రం అర్ధరాత్రి ఆకళ్లు తగ్గాయి. బరువు పెద్దగా దిగలేదు, పెరగడం ఆగింది. నాకదే ఎక్కువ.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ జరగబోతుంటే, ఆకలి సంగతి, బరువు సంగతి డాక్టర్‌ని ముందే అడగండి. డిశ్చార్జి రోజు నుంచే బరువు రాసి పెట్టండి. పిల్లలైతే మరీ ముఖ్యం, వాళ్లు తమ బాధ ఇదీ అని చెప్పుకోలేరు.